ఖాళీ పేజీ మీద సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

కుట్టుమిషన్ · గురువారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రణస్థలం మండలంలో ఒక ఊరు. పేరు రాయను, రాస్తే తెల్లారేసరికి మా వాకిట్లో పంచాయితీ పెడతారు. ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉంది, ఒకటి నుంచి ఐదు వరకు, 43 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా బడి కమిటీల ఎన్నికలు జరిగాయి కదా, అప్పుడు నన్ను చైర్‌పర్సన్‌ని చేశారు. ఎన్నుకున్నారు అనడం పెద్ద మాటే. మా ఆయన పైడిభీమవరం కంపెనీలో షిఫ్టుకి వెళ్లిపోయాడు, నేను చంటిదాన్ని ఎత్తుకుని వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాను, "నువ్వు ఇంటర్ చదివావు కదమ్మా, నువ్వుండు" అన్నారు, నేను ఏదో అనేలోపే చప్పట్లు కొట్టేశారు.

అప్పటినుంచి ఇప్పటిదాకా నాకు కబురు వచ్చింది జెండా పండగలకి, ఆ మెగా పేరెంట్-టీచర్ మీటింగులకి. ఈరోజు ఒంటిపూట బడి వదిలాక పాపని తీసుకురావడానికి వెళ్తే పెద్ద మాస్టారు లోపలికి పిలిచి తీర్మానాల పుస్తకం తీశారు. పేజీ పైసగం ఖాళీ. కింద 1 నుంచి 15 దాకా అంకెలు వేసి ఉన్నాయి, అందులో పదకొండు అంకెల ఎదురుగా అప్పటికే సంతకాలు, వాటిలో నాలుగు వేలిముద్రలు, స్టాంపు ప్యాడు ఊదారంగు ఇంకా ఆరలేదు, అవతలి పేజీకి అంటుకుంది. "బిల్లులు మార్చి 31లోగా పెట్టాలమ్మా, సంతకం పెట్టేయ్, పైన తరవాత రాసుకుంటాను" అన్నారు. నేను కళ్లజోడు తేలేదని చెప్పి వచ్చేశాను. నాకసలు కళ్లజోడే లేదు.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. కొలత ఇవ్వకుండా గుడ్డ కోసెయ్యమంటే కోస్తామా? కానీ మా పాప ఆ బడిలోనే చదువుతోంది, మాస్టారికి కోపం వస్తే దాని మీద చూపిస్తారేమో అని ఒక భయం. మా ఆయనేమో "నీకెందుకే ఆ గొడవ, పెట్టి పారెయ్" అంటున్నాడు. ఏం చేయమంటారు?

రోడ్డుపక్క_టీ · గురువారం, రాత్రి 9:58

పెట్టేయండి. మరేటి చేస్తాం. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో కమిటీ చైర్మన్ మనవడు టౌన్లో కాన్వెంటుకి వెళ్తాడు, పొద్దున్నే పసుపు బస్సొచ్చి ఎక్కించుకుపోతుంది, సర్కారు బడి హాజరు పట్టీలో మాత్రం వాడి పేరు అలాగే ఉంటుంది. పేరుంటేనే కదా తాతగారు చైర్మన్. ఇదీ మన కమిటీల సంగతి. మీ ఒక్కరి సంతకంతో దేశం మారదు, మారకపోతే మునిగిపోదు.

చీపురుపల్లి_మాస్టారు · గురువారం, రాత్రి 11:15

అమ్మా, సంతకం పెట్టొద్దు. ఆ మాట ముందు చెప్పి, తరవాత నా సంగతి చెబుతాను.

ముప్ఫై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఖాళీ పేజీ మీద సంతకాలు నేనూ పెట్టించాను, ఒకసారి కాదు, చాలాసార్లు. అందులో రూపాయి తిన్నది లేదు. కానీ అప్పుడు పెట్టించుకున్నది నేను కాబట్టి ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు. గ్రాంటు ఏడాది చివర్లో పడుతుంది, 31 దాటితే డబ్బు వెనక్కి పోతుంది, మీటింగు పెడితే ముగ్గురొస్తారు, మిగతావాళ్లు పొలంలోనో పనిలోనో ఉంటారు. సాయంత్రం సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చుకునేవాణ్ణి. మీ మాస్టారు దొంగ అని ముందే అనుకోవద్దు. కాకపోయినా సరే, సంతకం పెట్టొద్దు. రేపు లెక్కలో తేడా వస్తే ఆయన బదిలీ మీద ఇంకో మండలానికి పోతాడు, పుస్తకంలో మీ పేరు మీ ఊళ్లోనే ఉంటుంది.

చట్టం ఏం చెబుతుందంటే, 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. తరగతికి ముగ్గురు చొప్పున ఐదు తరగతులకి పదిహేను మంది, మీ పుస్తకంలో 15 అంకెలు అందుకే. కమిటీ పని చప్పట్లు కొట్టడం కాదు. బడి ఎలా నడుస్తోందో చూడాలి, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూడాలి. ఇవన్నీ చట్టంలో రాసి ఉన్నవే.

డబ్బు ఎంతో కూడా చెబుతాను. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం నుంచి ఏటా వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 30 మంది దాకా 10,000, 31 నుంచి 100 దాకా 25,000, 250 దాకా 50,000, ఆపైన వెయ్యి మంది దాకా 75,000. మీకు 43 మంది కాబట్టి 25,000 వరుసలో ఉంటారు. అందులో కనీసం పదో వంతు శుభ్రతకి పెట్టాలి. మీరు అడగాల్సింది ఒక్కటే, "మాస్టారూ, ఈ ఏడాది ఎంత పడింది, పాస్‌బుక్ ఒకసారి చూపిస్తారా?" అరవక్కర్లేదు, నెమ్మదిగా అడగండి.

ఇంకో మాట. ఆ పైసగంలో తరవాత రాసేది "తీర్మానించడమైనది", "ఆమోదించడమైనది" అనే భాషలో ఉంటుంది. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని జన్మంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, మీ జిల్లాలోనే. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న బళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేసి దండ వేస్తాం, మర్నాడు మళ్లీ "తీర్మానించడమైనది". "కుళాయిలు కొనాలని అనుకున్నాం" అని రాస్తే ఏం పోయింది? వేలిముద్ర వేసే తల్లికి చదివి వినిపిస్తే అర్థం కావాలి కదా.

జీడిపప్పు · శుక్రవారం, ఉదయం 5:50

పనికి వెళ్లే ముందు రాస్తున్నాను. మాది పలాస. మాస్టారూ మీరు ముగ్గురే వస్తారన్నారు, ఎందుకు రారో నేను చెబుతాను. మీటింగు పదకొండు గంటలకి పెడతారు. నేను జీడిపిక్కల కార్ఖానాలో పనిచేస్తాను, ఎన్ని కేజీలు ఒలిస్తే అన్ని డబ్బులు. పదకొండు గంటలకి బడికెళ్లి గంటసేపు కూకుని, పెద్దాయన ఎవరో రాలేదని ఇంకో గంట కూకుని వస్తే ఆ పూట కూలి పోయినట్టే. జీడి రసం అంటిన చేతులు ఎలా ఉంటాయో తెలుసా, నల్లగా పొక్కిపోయి, వేలిముద్రలు సరిగా పడవు, ఆధార్ మిషన్ దగ్గర నాలుగుసార్లు నొక్కిస్తారు. ఆ చేతులతో ముందు వరసలో కుర్చీలో కూర్చోడానికి సిగ్గేస్తుంది. వెనక నిలబడతాం. వెనక నిలబడినవాళ్లని ఎవరూ అడగరు.

సాయంత్రం ఏడింటికి పెట్టమనండి చూద్దాం ఎంతమంది వస్తారో. చెల్లీ, నువ్వు చైర్‌పర్సన్‌వి, టైం నువ్వే చెప్పు.

కుట్టుమిషన్ · శుక్రవారం, ఉదయం 8:20

అప్పా, టైం నేను చెప్పొచ్చని నాకు తెలీదు. ఏడాదిన్నర అయింది.

హైదరాబాద్_బస్సు · శుక్రవారం, మధ్యాహ్నం 1:35

మాది ఉద్దానం, కవిటి వైపు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఊళ్లో సగం మంది మగాళ్లలాగే. కమిటీలో లేకపోయినా బడి గురించి నాకో అనుభవం ఉంది, కాస్త పొడుగు, ఓపికుంటే చదవండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది కదా. ఒక్క రాత్రిలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు అన్నీ పడుకున్నాయి. మా బడి ప్రహరీ కూలింది, వంటగది రేకులు ఎగిరి ఎవరి తోటలోనో తేలాయి. అప్పుడు మేం బయట ఉన్నవాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి తలా అయిదొందలో వెయ్యో వేసుకున్నాం. రేకులు కొన్నాం, మేస్త్రీ మా ఊరాయనే, కూలి తీసుకోలేదు, ఆడవాళ్లు ఇటుకలు అందించారు, మూడు ఆదివారాల్లో వంటగది లేచింది. ఆ మూడు ఆదివారాలు ఊళ్లో ఏ పార్టీ అని ఎవరూ ఎవర్నీ అడగలేదు, నాకు అది బాగా గుర్తు.

తరవాత ఏమైందంటే 2019 ఎన్నికలొచ్చాయి. అదే గ్రూపులో ఒకడు ఒక నాయకుడి ఫొటో పెట్టాడు, ఇంకొకడు ఇంకో ఫొటో పెట్టాడు, రెండ్రోజుల్లో గ్రూపు రెండు గ్రూపులయింది. ఇప్పుడు రెంట్లోనూ ఉన్నాను. ఏ గ్రూపులోనూ బడి ఊసు లేదు. ప్రహరీకి చందాలు పోగుచేద్దామని నేను పోస్టు పెడితే "నువ్వు ఎవరి తరఫున అడుగుతున్నావ్" అన్నారు. ఎవరి తరఫున? ప్రహరీ తరఫున!

చందాతో కట్టడం సులువు. కట్టినదాన్ని అడుగుతూ ఉండడమే కష్టం. మేం రేకులు వేసి ఫొటో తీసుకుని బస్సెక్కేశాం, రోజూ అక్కడ ఉండేది మా అమ్మలూ వదినలూ. వాళ్లని అడగమని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

రోడ్డుపక్క_టీ · శుక్రవారం, మధ్యాహ్నం 2:10

అదే నేనన్నది. బడిలోకి రాజకీయం వస్తే ఇంతే. రాజకీయం లేకుండా బడి బడిలా ఉండాలి.

వార్డుమెంబరు · శుక్రవారం, మధ్యాహ్నం 2:45

గజపతినగరం వైపు వార్డు మెంబర్ని, 2021లో గెలిచాను. పేరుకే గెలిచాను, పంచాయతీలో డబ్బులు లేక వీధి దీపం బల్బుకి కూడా నా జేబే. రాజకీయం వద్దంటారు, మళ్లీ కుళాయికి మా దగ్గరికే వస్తారు. బడిలో బోరు పోయినా, గోడ పడినా, పాము వచ్చినా మెంబరే. పాము పట్టింది కూడా నేనే. మరి బడి కమిటీలో మేం కూర్చుంటే "రాజకీయం తెచ్చాడు" అంటారు. ఎలా కుదురుతుంది?

గరిటె · శుక్రవారం, రాత్రి 8:05

రాజకీయం వద్దు అన్న అన్నగారికి ఒక ఊసు చెప్పాలి. మాది విజయనగరం జిల్లా, ఊరు వద్దు. మా అమ్మ తొమ్మిదేళ్లు బడిలో మధ్యాహ్నం వంట చేసింది. నెలకి గౌరవ వేతనం 1,000. అది జీతం కాదట, గౌరవం అట. ఆ గౌరవమైనా నెలనెలా రాదు, కూరగాయలు, పప్పు, నూనె షాపులో అరువు తెచ్చి పెట్టేది, బిల్లు వచ్చేదాకా షాపాయన చూపు తప్పించుకుని సందులోంచి వెళ్లేది. పిల్లలు ఎంతమందో ఉదయం తొమ్మిదిన్నరకి మాస్టారు చెబుతారు, తలకి వంద గ్రాముల బియ్యం, అమ్మ డబ్బాతో కొలిచి, చివర్న ఒక గుప్పెడు ఎక్కువ వేసేది. ఎందుకంటే ఐదో తరగతి మగపిల్లలకి వంద గ్రాములు ఏ మూలకి?

ప్రభుత్వం మారింది. వారం తిరక్కుండా ఒకాయన వచ్చి "రేపట్నుంచి మీరు రావొద్దు" అన్నాడు. ఏ ప్రభుత్వం అని అడక్కండి, ఐదేళ్లకి ఇంకోసారి మారినప్పుడు అమ్మ తరవాత వచ్చినావిడకీ అదే మాట చెప్పారు. రెండుసార్లూ కమిటీ తీర్మానం ఉంది. "వంట నాణ్యత సరిగా లేనందున మార్చడమైనది." కింద పదిహేను సంతకాలు. అందులో మా పక్కింటి అత్త వేలిముద్ర కూడా ఉంది, ఆవిడ మనవడికి అమ్మ రోజూ అడుగు అన్నం గీకి పెట్టేది. అమ్మ వెళ్లి అడిగితే ఆవిడ ఏడ్చింది. "దేనికో తెలీదే, ఫించను కాగితం అనుకున్నాను" అంది.

ఖాళీ పేజీ మీద సంతకం అంటే ఇది. కుళాయి రాసుకుంటారో, గోడకి రంగు రాసుకుంటారో, ఒక మనిషి బతుకు రాసుకుంటారో మీకు తెలీదు. రాజకీయం బడిలోకి ఎప్పుడో వచ్చింది అన్నగారూ, వంటగదిలోంచి వచ్చింది. తల్లులు మాట్లాడకపోతే అది ఒక్కవైపు రాజకీయం అవుతుంది, అంతే తేడా.

కుట్టుమిషన్ అక్కా, దయచేసి పెట్టొద్దు.

రోడ్డుపక్క_టీ · శుక్రవారం, రాత్రి 8:31

అమ్మా, నేను ఆ ఉద్దేశంతో అనలేదు.

సరే, ఒకటి చెప్పండి ఎవరైనా. అడిగితే చూపించకపోతే? అడిగాం, "అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి" అంటారు. ఆన్‌లైన్ ఎక్కడుందో మాకెవరికి తెలుసు.

చీపురుపల్లి_మాస్టారు · శుక్రవారం, రాత్రి 9:20

చూపించకపోతే సమాచార హక్కు, 2005 చట్టం. తెల్లకాగితం మీద రాస్తే చాలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలాఫీసులో అయితే 5 రూపాయలు, ఆపైన జిల్లాలో 10. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఫలానా ఏడాది బడికి వచ్చిన గ్రాంటు ఎంత, దేనికి ఎంత ఖర్చయింది, బిల్లుల నకళ్లు ఇవ్వండి" అని మూడు ముక్కలు రాస్తే సరిపోతుంది. "ఎందుకు తిన్నారు" అని రాయకండి, దానికి జవాబు రాదు. కాగితం ఇచ్చినట్టు రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి, ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా.

సోమవారం సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు, మొన్నటిదాకా స్పందన, అంతకుముందు గ్రీవెన్సు. బోర్డు మారుతుంది, క్యూ అదే. అక్కడిదాకా వెళ్లకముందు ఊళ్లోనే కూర్చుని తేల్చుకోవడం మేలు. పై నుంచి నోటీసు వచ్చిందంటే మాస్టారు పిల్లలకి పాఠం చెప్పడం మాని నెలరోజులు జవాబులు రాస్తాడు. నేనూ ఒకప్పుడు రాశాను.

మాస్టార్ల తరఫున ఒక్క మాట కూడా చెప్పనివ్వండి. పొద్దున్నే మరుగుదొడ్డి ఫొటో, గుడ్ల లెక్క, హాజరు ఫొటో, అన్నీ ఫోన్లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే చెట్టు కిందకి పరిగెత్తాలి. ఓటర్ల జాబితా పని ఒకటి. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులు ఒక్కరే. ఇంత అయ్యాక తీర్మానం తీరిగ్గా రాయించే ఓపిక ఉండదు. తప్పు తప్పే, కానీ తప్పు ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి.

తీరం · శనివారం, ఉదయం 7:10

పూసపాటిరేగ వైపు మత్స్యకారుల ఊరు మాది. 2024 ఎన్నిక ఆగస్టు 8 అన్నారు కదా, అప్పటికే మా మగాళ్లు వేరావల్ రైలెక్కేశారు. గుజరాత్‌లో వర్షాకాలం వేట నిషేధం అయిపోయి బోట్లు కదిలే వేళకి వీళ్లు అక్కడుండాలి. కాబట్టి మా బడిలో ఓటేసింది అందరూ ఆడవాళ్లే, కమిటీలో కూడా ఇంచుమించు అందరూ ఆడవాళ్లే. ఎవరూ పెద్దగా చదువుకోలేదు. కానీ చేపల లెక్క రోజూ చేసేవాళ్లం, దళారీ ఒక్క కేజీ తగ్గించి రాస్తే అక్కడే పట్టుకుంటాం. మాస్టారు ఖర్చు లెక్క నోటితో చెబితే మా వదిన వేళ్ల మీద లెక్కేసి "పదకొండు వందలు తేడా వస్తంది బాబూ" అంది. ఆయన మళ్లీ కూడాడు, నిజమే, కూడికలో పొరపాటు. ఆయనా నవ్వాడు. చదువు లేదని భయపడకండి, లెక్క వచ్చిన ఆడదాన్ని ఒక్కదాన్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

హైదరాబాద్_బస్సు · శనివారం, ఉదయం 10:02

బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుల్లోంచి కోసిన 2,000 సంగతి కూడా అడగండి ఎవరైనా. 15,000 అన్నారు, 2025 జూన్‌లో 13,000 పడింది, మిగతా రెండు వేలు బళ్ల నిర్వహణకి, శుభ్రతకి అన్నారు. అంతకుముందు ప్రభుత్వంలో కూడా అమ్మ ఒడిలోంచి మరుగుదొడ్లకని వెయ్యి తీశారు. ఇది తల్లుల పేరు మీద వచ్చిన డబ్బు, అడిగే హక్కు అందరికంటే తల్లులకే ఎక్కువ.

వార్డుమెంబరు · శనివారం, ఉదయం 10:20

అది జిల్లా స్థాయిలో చూస్తారు, మీ మాస్టారి దగ్గర ఉండదు. ఆయన్ని పట్టుకుని అడిగితే ఆయనేం చెబుతాడు పాపం. కాంపోజిట్ గ్రాంటు ఒకటి, అది వేరు. రెండూ కలిపేసి గొడవ చేసుకోకండి. నేను చూశాను ఒకచోట, అదే గొడవలో అసలు మీటింగు ఆగిపోయింది.

కుట్టుమిషన్ · బుధవారం, రాత్రి 10:45

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించాలి. పెళ్లిళ్ల జాకెట్లు మీద పడ్డాయి, పైగా చెప్పడానికి ఏదైనా జరిగాక రాద్దామనుకున్నాను.

శనివారం మాస్టారి దగ్గరికి వెళ్లి "మీటింగు పెడదాం మాస్టారూ, సోమవారం సాయంత్రం ఏడింటికి" అన్నాను. ఆయన మొహం మాడింది. "రాత్రిపూట బడి ఎవరు తెరుస్తారు, కరెంటు ఎవరు చూస్తారు" అన్నారు. నేను తెరుస్తానన్నాను. తాళం ఇవ్వలేదు, ఆయనే వచ్చారు. రావడం ఆయన మంచితనమే అనాలి, ఆయన ఉండేది శ్రీకాకుళంలో, వెళ్లేసరికి పది దాటి ఉంటుంది.

పదిహేను మందిలో తొమ్మిదిమంది వచ్చారు. అందులో ఆడవాళ్లు ఏడుగురు. వచ్చినవాళ్లు సగం కంటే ఎక్కువే కాబట్టి ధైర్యం వచ్చింది. పిల్లల బల్లల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. పాస్‌బుక్ అడిగాను, గొంతు వణికింది, కానీ అడిగాను. ఆయన సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టారు. దాచలేదు. అసలు దాచాలనే ఆయనకి లేదేమో, ఇన్నాళ్లూ మేం అడగలేదు, అంతే.

అయితే రంగులు కొనేశారు ముందే. 7,400 బిల్లు. ఎవరడిగారు రంగులు అంటే మెగా మీటింగుకి పైనుంచి వస్తారని వేయించామన్నారు. అక్కడ కొంచెం మాటా మాటా పెరిగింది. మా కమిటీలో ఒకాయన, పార్టీ మనిషి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చి "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా" అన్నాడు. అప్పుడు మా కమిటీలో ఒక ముసలమ్మ ఉంది, కూతురూ అల్లుడూ చెన్నైలో ఇళ్లు కట్టే పనికి వెళ్తే మనవడ్ని పెంచుతోంది, మొన్నటి ఖాళీ పేజీలో ఆవిడ వేలిముద్ర ఉంది. ఆవిడ లేచి "బాబూ, నేను వేలు వేసిన కాగితం మీద ఏటి రాసి ఉందో చదువు" అంది. చదవడానికి ఏమీ లేదు కదా. మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తరవాత ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి ఆయన సంతకం పెట్టారు.

కొత్త పేజీలో రాయించాం. నేనే చెప్పాను, ఆయన రాశారు. రంగుల బిల్లు ఎంతో అంతా రాశాం, అది ముందే ఖర్చయిందని కూడా రాశాం. మిగిలినదాంట్లో కుళాయిలు నాలుగు, ట్యాంకు కడిగించడం, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ. ఆ గడియ లేక పిల్లలు ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడుతున్నారట, మా పాప చెప్పేదాకా నాకు తెలీదు. గడియ ధర 60 రూపాయలు. చీపురుపల్లి మాస్టారూ, "తీర్మానించడమైనది" రాయలేదు, "చేయాలని అనుకున్నాం" అనే రాయించాను, ఆయన రెండుసార్లు కలం ఆపారు కానీ రాశారు.

మరుసటి రోజు మా ఆయనకి ఫోన్ వచ్చింది. "మీ ఆవిడ ఎక్కువ మాట్లాడుతోందంట" అని. ఎవరో తెలుసు, రాయను. పంచాయతీ ఎన్నికల ఊసు లేచినప్పటినుంచి ఇలాంటి ఫోన్లు ఎక్కువయ్యాయి, నేను వార్డుకి నిలబడతానేమో అని వాళ్ల అనుమానం. మా ఆయన ఆరోజంతా మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం తనే నరసన్నపేట వెళ్లే కుర్రాడికి డబ్బులిచ్చి గడియ తెప్పించి, షిఫ్టుకి వెళ్లే ముందు తనే బిగించి వచ్చాడు. నాతో ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

గరిటె · బుధవారం, రాత్రి 10:52

ఆ ముసలమ్మకి నా దండాలు చెప్పండి అక్కా.

రోడ్డుపక్క_టీ · గురువారం, ఉదయం 6:15

నిలబడండి మరి వార్డుకి. వాళ్లు అనుమానం ఎలాగూ పడ్డారు.

కుట్టుమిషన్ · గురువారం, ఉదయం 6:40

ముందు కుళాయిలు బిగించనివ్వండి అన్నగారూ. ప్లంబరు ఆదివారం వస్తానన్నాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఒకటో తరగతి పిల్లలకి కుళాయి ఎంత ఎత్తులో పెట్టాలి? ఇప్పుడున్నవి నా భుజం ఎత్తులో ఉన్నాయి, చిన్నవాళ్లు ఇటుక వేసుకుని ఎక్కి జారిపడుతున్నారు.

తీరం · గురువారం, ఉదయం 7:05

కొలత టేపు మీ దగ్గరే ఉంది కదమ్మా. ఆదివారం మీ పాపనీ, బళ్లో అందరికంటే పొట్టి పిల్లాడినీ తీసుకెళ్లి గోడకి నిలబెట్టి సుద్దతో గీత గీయండి. రెండు పెద్దవాళ్లకి, రెండు చిన్నవాళ్లకి పెట్టించండి. కింద నీళ్లు పోయే దారి కూడా చూసుకోమనండి, లేకపోతే వానాకాలం అదంతా పాచి.

కుట్టుమిషన్ · గురువారం, ఉదయం 7:09

పొట్టి పిల్లాడు ఆ ముసలమ్మ మనవడే.